ఊహా నగరం గోడచిత్రం: ఒకరు వేసిన బొమ్మపై మరొకరు రంగు వేయవచ్చా?

వక్రరేఖ: మా కాలనీ ప్రహరీగోడ మీద ఎక్కడా లేని ఒక నగరాన్ని అందరం కలిసి వేస్తున్నాం. నమూనా నాది. గోడను గళ్లుగా విడగొట్టి తలా ఒకటి పంచాం. ఒక గడిలో నది కొండ కింద నుంచి పైకి ఎక్కుతోంది. సరిదిద్దానని గొడవ. నమూనా ఉన్నాక దాని ప్రకారం వేయాలా, వద్దా?

నాలుగోమెట్టు: ఊహా నగరమే కదా. నది ఎటైనా పారుతుంది.

వక్రరేఖ: ఊహ అంటే అడ్డదిడ్డం కాదండీ. ఇటలీలోని సియెనాలో 1338-39లో చిత్రకారుడు లోరెంజెట్టి గోడ మీద వేసిన సుపరిపాలనా నగరం చూడండి. ఇల్లు కట్టే మేస్త్రీలు, నాట్యం చేసేవాళ్లు, అంగళ్లు, బరువులు మోసే గాడిదలు, ఏదీ దారి తప్పదు.

సున్నపుతొట్టి: అదే గదిలో ఆయనే వేసిన దుష్పరిపాలన బొమ్మను వదిలేశారేం? నేనూ ఆ కాలనీవాణ్ణే. మీరు చెరిపింది నదినేనా? పక్కనున్న చెరకురసం బండి, నీళ్ల ట్యాంకరు, బిందెల వరుస ఏమయ్యాయి?

వక్రరేఖ: అవి నమూనాలో లేవు. ముందు నది సంగతి తేల్చండి.

గోడమీదపిల్లి: ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

రంగులమేస్త్రి: గోడలో చెమ్మ ఉంటే ఎవరి బొమ్మా నిలవదు, పెచ్చులుగా లేచిపోతుంది. బాగా ఆరాకే ప్రైమరు కొట్టాలి. చెబితే ఎవరు వింటారు? పోయిన ఏడాది ఒక బడిగోడకు పనిచేస్తే సగం కూలి ఇప్పటికీ రాలేదు.

వక్రరేఖ: మీ బకాయికీ దీనికీ ఏమిటి సంబంధం?

సున్నపుతొట్టి: ఉంది. ఆ గళ్లు వేసింది గోడ వెనక బస్తీ పిల్లలు. రమ్మని పిలిచింది మీరే. ఒక అమ్మాయి బిందెకు సొట్ట పెట్టి, ఆ సొట్ట అంచున వెలుగు పడినట్టు సన్నని తెల్లగీత గీసింది. అంత చూసి వేసినదాని మీద రోలరు తిప్పేశారు.

వక్రరేఖ: చందాలు ఇచ్చింది మేము! గేటు పక్కన ఖాళీ బిందెలు కనిపిస్తే, ఫ్లాటు కొనడానికి వచ్చినవాళ్లు ఏమనుకుంటారు?

నాలుగోమెట్టు: ఇంతసేపూ నదిని అడ్డం పెట్టుకున్నది ఇందుకా! హైదరాబాద్‌లో ఎం.ఎస్. మక్తా బస్తీ గోడల మీద బొమ్మలు చూడటానికి పనిగట్టుకుని వెళ్లేవాళ్లున్నారు.

వక్రరేఖ: వెళ్లనివ్వండి, అక్కడ మా ఇల్లు లేదు. అసలు గోడ మూలన నా పేరు కూడా వద్దన్నారు ఈ సున్నపుతొట్టి గారు. లోరెంజెట్టి తన పేరు రాసుకోలేదా?

సున్నపుతొట్టి: మీ పేరు వద్దనలేదు. పిల్లల పేర్లూ రాయమన్నాను.

వక్రరేఖ: ఊరందరి పేర్లూ రాస్తే బొమ్మకు చోటెక్కడ?

రంగులమేస్త్రి: పైన కొట్టింది మామూలు డిస్టెంపరా, ఎమల్షనా? పిల్లలు వేసింది తడికి చెదరని ఎమల్షన్, పైది తడికి ఊడే డిస్టెంపర్ అయితే తడిగుడ్డతో మెల్లగా తుడిచి చూడొచ్చు.

వక్రరేఖ: ఆదివారం సమావేశం అయ్యేదాకా ఎవరూ గోడ ముట్టుకోకూడదు.

సున్నపుతొట్టి: బస్తీవాళ్లను పిలిచారా?

వక్రరేఖ: అది సంఘం సభ్యులకు మాత్రమే.