మనుష్యకుమారుడు అంటే ‘మామూలు మనిషి’ అనేనా?

బెరయ పాఠకుడు: మొన్న ఒక ప్రసంగంలో విన్నాను: దేవుని కుమారుడు అంటే యేసు దైవత్వం, మనుష్యకుమారుడు అంటే ఆయన మానవత్వం అట. గుర్తుపెట్టుకోవడానికి తేలికే. కానీ మార్కు 14 దగ్గర ఈ లెక్క కుదరడం లేదు. ‘నీవు క్రీస్తువా?’ అని ప్రధానయాజకుడు నిలదీశాడు. యేసు అవునన్నారు. మనుష్యకుమారుడు దేవుని కుడివైపు కూర్చోవడం, మేఘాల మీద రావడం మీరు చూస్తారని కూడా చెప్పారు. వెంటనే ఆ పెద్దాయన బట్టలు చింపుకుని దేవదూషణ అన్నాడు. ‘నేనూ మనిషినే’ అంటే ఎవరైనా బట్టలు చింపుకుంటారా?

పాతకాపు: బ్రదర్, ఆ ప్రసంగీకుణ్ణి అంత తేలిగ్గా తీసిపారేయకండి. అంతియొకయ సంఘ బిషప్ ఇగ్నేషియస్ రెండో శతాబ్దం ఆరంభంలోనే ఎఫెసీయులకు రాస్తూ, శరీరరీతిగా దావీదు వంశంవాడైన క్రీస్తును మనుష్యకుమారుడు, దేవుని కుమారుడు అని జంటగా చెప్పాడు. యెహెజ్కేలును దేవుడు 90 సార్లకు పైగా ‘నరపుత్రుడా’ అనే పిలిచాడు. ఆ ప్రవక్త మామూలు మనిషే కదా! మత్తయి 8:20 చూడండి, తల వాల్చుకోవడానికి చోటు లేనివాడు కూడా మనుష్యకుమారుడే.

సందేహాలరాయుడు: ఇద్దరూ పాత నిబంధనలోని దానియేలు 7 దాకా వెళ్లలేదు. మేఘాల మాట అక్కడిదే. అక్కడ దానియేలు దర్శనంలో నాలుగు మృగాలు వస్తాయి, తర్వాత మనుష్యకుమారుని వంటివాడు వచ్చి రాజ్యం అందుకుంటాడు. కానీ 18, 27 వచనాల్లో ఆ రాజ్యం దక్కేది పరిశుద్ధులకు. అంటే ఆ రూపం ఒక జనానికి గుర్తేమో? ఒక్క వ్యక్తి అని ఎలా తేల్చారు?

బెరయ పాఠకుడు: మంచి ప్రశ్న అండీ. 17వ వచనం మృగాలను రాజులంటుంది, 23వ వచనం నాలుగో మృగాన్ని రాజ్యమంటుంది. రాజూ రాజ్యమూ ఒకే బొమ్మలో ఉన్నప్పుడు, జనమూ వారి ఏలికా ఒకే బొమ్మలో ఉండకూడదా? మన బైబిల్లో లేని పాత యూదుల రచన హనోకు గ్రంథం ఉంది కదా, అందులోని ఉపమానాల భాగంలోనైతే మనుష్యకుమారుడు మహిమ సింహాసనం మీద కూర్చుని తీర్పు తీర్చే వ్యక్తే. కాకపోతే మృతసముద్రం దగ్గరి కుమ్రాను గుహల్లో దొరికిన హనోకు ముక్కల్లో ఆ భాగం లేదు, దాని కాలం మీద పండితులకు పేచీ ఉంది. కాబట్టి నా వాదన దాని మీద నిలబెట్టను. మార్కు ఒక్కటే చాలు.

పాతకాపు: మార్కు చాలా? అయితే 10:45 కూడా చదవండి. దానియేలులో సకల జనులూ ఆయన్ను సేవిస్తారు. మార్కులో ఆయనే సేవ చేయించుకోవడానికి రాలేదంటున్నారు, ప్రాణం పెట్టడానికి వచ్చానంటున్నారు. 8:31లో శ్రమపడాలి, చంపబడాలి. ఇది మీ మేఘాల రాజులో ఎక్కడుంది?

బెరయ పాఠకుడు: లేదు కాబట్టే శిష్యులకు మింగుడు పడలేదు! పేతురు ఆయన్ను పక్కకు తీసుకెళ్లి గద్దించింది అందుకే. సేవ చేయడం మామూలు మనిషికి వింతేం కాదు. సింహాసనం దక్కాల్సినవాడు చేస్తేనే వింత. మీరు చూపించిన వచనానికి పదును వచ్చేది దానియేలు వెనకాల ఉంటేనే.

పాతకాపు: అంత ముఖ్యమైన బిరుదైతే పౌలు తన పత్రికల్లో ఒక్కసారైనా ఎందుకు వాడలేదు?

సందేహాలరాయుడు: పౌలు వాడలేదు, నిజమే. సువార్తల్లో కూడా దాదాపు ప్రతిసారీ ఆ మాట యేసు నోటినుంచే వస్తుంది. సువార్తల బయట ఆ పేరుతో ఆయన్ను పిలిచినవాడు తొలి సంఘంలోని స్తెఫను, అపొస్తలుల కార్యములు 7:56లో. మనుష్యకుమారుడు దేవుని కుడివైపున నిలిచి ఉండడం చూస్తున్నానన్నాడు. విన్నవాళ్లు చెవులు మూసుకుని, పట్టణం బయటికి ఈడ్చుకెళ్లి రాళ్లతో కొట్టి చంపారు. ఆయన మానవత్వం గురించి విన్నందుకే అంత కోపమా, పాతకాపు గారూ?