యాండర్సన్ షెల్టర్‌లో నీళ్లెందుకు చేరేవి?

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు దాడులప్పుడు తలదాచుకోవడానికి బ్రిటన్ ఇళ్ల పెరళ్లలో పాతిన యాండర్సన్ షెల్టర్ నమూనా బడిలో చేయిస్తున్నాం. కొలతలెంత? లోపల నీళ్లు నిలిచేవట, ఎందుకు?

జవాబు 1: పొడవు ఆరున్నర అడుగులు, వెడల్పు నాలుగున్నర, ఎత్తు 6. గొయ్యి 4 అడుగులు తవ్వి, వంపు తిరిగిన ముడతల రేకులు రెండు వైపులా నిలబెట్టి, నడినెత్తిన కలిపి బోల్టులు బిగించేవారు. పైన కనీసం 15 అంగుళాల మట్టి. ఆ మట్టి పలచనైతే రేకు ఒక్కటే కాపాడదండీ, నమూనాలో అది తగ్గించకండి. చాలామంది దానిమీదే కూరగాయలు పండించారు.

జవాబు 2: నీళ్లకి కారణం ఆ గొయ్యే. బంకనేలలో వాననీరు ఇంకదు, పల్లానికి దిగి అడుగున నిలుస్తుంది. అప్పట్లో నేలకి సిమెంటు వేసి, ఓ మూల చిన్న గుంట వదిలి, అక్కడ చేరిన నీళ్లు తోడిపోసేవారు. ఆ గుంట కూడా చూపించండి, పిల్లలకి అప్పటి ఇబ్బంది తెలుస్తుంది.

జవాబు 3: అప్పట్లో ఏడాదికి 250 పౌండ్లలోపు ఆదాయముంటే యాండర్సన్ షెల్టర్ ఉచితం, మిగతావారికి 7 పౌండ్లు. పెరడు లేనివాళ్లకి 1941లో మోరిసన్ షెల్టర్ వచ్చింది: పైన ఉక్కు పలక, చుట్టూ ఇనుప జాలీ. పగలు భోజనాల బల్ల, రాత్రి దానికిందే పడక. ఎత్తు రెండున్నర అడుగులే.