అప్‌డేట్: సైన్స్ ఫిక్షన్, సంగీతం, సాహిత్య చరిత్ర పుస్తకాల వేట

తిరుపతిలో ఈ మూడు రకాల పుస్తకాలూ ఎలా వెతకాలని అడిగాను కదా. అరల నంబర్లు పట్టుకోమన్న సలహా పనిచేసింది. డ్యూయీ పద్ధతి (విషయాన్ని బట్టి పుస్తకాలకి నంబర్లిచ్చి సర్దడం) పాటించే లైబ్రరీలో సంగీతం 780, తెలుగు సాహిత్యం 894.827. చిక్కంతా సైన్స్ ఫిక్షన్‌తోనే. మామూలుగా దానికి వేరే అర ఉండదు, నవలల్లో కలిసిపోతుంది. వెనక అట్ట తిప్పి చూడాల్సిందే.

నెట్‌లో ఉన్న పాత స్కాన్లకి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఇష్టమొచ్చినట్టు ఎక్కించారు. "సంగీతము" అని కొడితే రాకపోతే చివరి "ము" తీసేయండి, "త" దగ్గర హెచ్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి కొట్టండి.

సంగీతం, సాహిత్య చరిత్ర కలిసే చోటు మాత్రం మన ఊరి పక్కనే, కొండమీద దొరికిన, అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకులు. ఆ పాటల్ని పండితుడు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ సరిచూసి పరిష్కరించిన సంపుటాలతో మొదలెట్టండి. రేకు మీద రాగం పేరుంటుంది, స్వరం ఉండదు. ఇప్పుడు వినే వరసలు చాలావరకు తర్వాత కట్టినవే.