పొట్ట ఉన్నవాళ్లకు ప్యాంటు లోపల పెట్టుకునే హోల్‌స్టర్ (తుపాకి ఒర) ఏ చోట కుదురుతుంది?

టెక్సాస్‌లో రోజూ తుపాకి కనపడకుండా పెట్టుకు తిరిగే తెలుగువాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి.

ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, నడుము 38, పొట్ట మెత్తగా బెల్టు మీదికి వాలుతుంది. కుడిచేతి వాటం. గ్లాక్ 19 పిస్టల్, ట్రిగర్ గార్డు పూర్తిగా మూసే కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్, ఒకటిన్నర అంగుళాల గట్టి బెల్టు.

బొడ్డును 12 గంటలు అనుకుంటే, 1 గంట దగ్గర నిలబడినంతసేపూ బాగానే ఉంటుంది. కూర్చుంటే గొట్టం కొస తొడ మడతలో గుచ్చుకుంటుంది, పొట్ట పిడిని బయటికి నెట్టడంతో చొక్కా మీద ఉబ్బు కనిపిస్తుంది. హోల్‌స్టర్‌ను పైకి జరిపితే గుచ్చుకోవడం తగ్గింది కానీ, బరువంతా బెల్టు పైకి వచ్చి ఇంకా ముందుకు వాలుతోంది. హోల్‌స్టర్‌కు క్లా అనే చిన్న రెక్క బిగిస్తే పిడి పక్కకు తిరిగి ఒంటికి ఆనుతుందే తప్ప ఈ వాలు పోదు.

4 గంటల దగ్గర, 15 డిగ్రీలు ముందుకు వంచి పెడితే పొట్ట అడ్డు లేదు. కానీ వంగితే పిడి పొడుచుకొస్తుంది, కారులో సీటు బెల్టు చేతికి అడ్డం.

గొట్టం కొస దగ్గర ఫోమ్ వెడ్జ్ (ఏటవాలు మెత్తటి ముక్క) అంటిస్తే పిడి లోపలికి ఒరుగుతుంది కదా, ఈ ఒంటికి ఎంత మందం సరిపోతుంది? గొట్టం ఇంకా పొడుగుండే గ్లాక్ 34 కొలత హోల్‌స్టర్ తీసుకుంటే బెల్టు కింది భాగం పెరిగి వాలు ఆగుతుందా, లేక కూర్చుంటే మరింత గుచ్చుకుంటుందా? 3 గంటల దగ్గర నిటారుగా పెట్టేవాళ్లున్నారా?

పొట్ట తగ్గించుకోమనే సలహా ఇంట్లో రోజూ వింటున్నదే, అది వదిలేయండి.