రసాయన బంధంలో నాలుగు వందల బిట్లు చేశాను, మార్కులు మాత్రం కదలడం లేదు

ముక్తేశ్వరం విద్యార్థిని:
ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. రోజూ పంటు (రేవు దాటించే పడవ) మీద కోటిపల్లి దాటి కాలేజీకి వెళ్తాను. రేవులో ఎదురుచూసే సమయమంతా రసాయన బంధం బిట్లకే. అయినా నమూనా పరీక్షలో ఈ పాఠం నుంచి నాలుగు వస్తే రెండు పోతున్నాయి. నిన్న జినాన్ డైఫ్లోరైడ్ ఆకృతి అడిగితే ట్రైగోనల్ బైపిరమిడ్ (నడుము దగ్గర మూడు, పైనా కిందా ఒక్కోటి) అని పెట్టాను. అమ్మోనియా, నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్‌లలో దేని ద్విధ్రువ భ్రామకం (ఆవేశం ఒక పక్కకు ఎంత ఒరిగిందో చెప్పే కొలత) ఎక్కువంటే, ఫ్లోరిన్ ఉంది కదా అని రెండోదాన్ని గుర్తించాను. జవాబు చూడగానే 'అయ్యో, తెలిసిందే' అనిపిస్తుంది. ఈఏపీసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు, జేఈఈలో తప్పుకు ఒక మార్కు కోస్తారు. ఇంకో వెయ్యి బిట్లు చేయమంటారా?

రావులపాలెం బీటెక్:
బంధ క్రమం, అంటే రెండు పరమాణువుల మధ్య ఎన్ని బంధాలున్నాయనే ప్రశ్నలకు చిట్కా ఉంది చెల్లీ. మొత్తం ఎలక్ట్రాన్లు 14 ఉంటే 3. అక్కడి నుంచి అటు ఒకటి జరిగినా, ఇటు ఒకటి జరిగినా అర తగ్గించు. 10 నుంచి 18 వరకు పనిచేస్తుంది. ఆక్సిజన్‌కు 16, కాబట్టి 2. నేను దీనితోనే గట్టెక్కాను.

భీమవరం పాత లెక్చరర్:
చిట్కా తప్పు కాదు బాబూ, కానీ దాని వెనక ఏముందో తెలియాలి. నైట్రోజన్ నుంచి ఒక ఎలక్ట్రాన్ తీస్తే బంధం పొడవు పెరుగుతుంది, ఆక్సిజన్ నుంచి తీస్తే తగ్గుతుంది. మొదటిది బంధాన్ని బిగించే బంధక ఆర్బిటాల్ నుంచి పోతుంది, రెండోది బంధాన్ని వదులు చేసే అపబంధక ఆర్బిటాల్ నుంచి. అడిగేవాళ్లు సరిగ్గా అక్కడే పట్టుకుంటారు.

అమ్మాయీ, ఒక మాట అడుగుతాను. నీ నోటుబుక్కులో బొమ్మలున్నాయా, ఆప్షన్ల అక్షరాలేనా?

జినాన్‌కు 8, ఫ్లోరిన్‌లకు 2, మొత్తం పది ఎలక్ట్రాన్లు, అయిదు జంటలు. అమరిక ట్రైగోనల్ బైపిరమిడే, అంతవరకు నువ్వు సరిగ్గానే వచ్చావు. అందులో మూడు ఒంటరి జంటలు, అంటే బంధంలో పాల్గొననివి. ఆకృతి చెప్పేటప్పుడు పరమాణువులనే చూస్తాం, కాబట్టి సరళరేఖ. సగం దారిలో పంటు దిగేశావు.

రెండో ప్రశ్నకు బాణాలు గీయి. అమ్మోనియాలో ఒంటరి జంట బాణం, బంధాల బాణాలు ఒకే వైపు: 1.47 డిబై. ఫ్లోరైడ్‌లో ఎదురెదురు: 0.23 మాత్రమే.

వెయ్యి వద్దు. తప్పు పోయిన యాభై బిట్లు ఆప్షన్లు మూసిపెట్టి మళ్లీ చెయ్యి.

ముక్తేశ్వరం విద్యార్థిని:
నిజమే మాస్టారూ, పుస్తకమంతా ఏ, బీ, సీ, డీలే. ఈ ఉదయం రేవులో కూర్చుని పన్నెండు బొమ్మలు గీశాను, తొమ్మిది సరిపోయాయి. క్లోరిన్ ట్రైఫ్లోరైడ్ దగ్గర మళ్లీ ఆగాను. రెండు ఒంటరి జంటలు నడుము దగ్గరే ఎందుకు కూర్చోవాలి, పైనా కిందా కూర్చోకూడదా?

భీమవరం పాత లెక్చరర్:
ఒంటరి జంట అంటే బస్సులో కొబ్బరి గెల ఒడిలో పెట్టుకున్న మనిషి. అతనికి చోటు ఎక్కువ కావాలి. పైన కూర్చుంటే 90 డిగ్రీల దూరంలో ముగ్గురు పొరుగువాళ్లు. నడుము దగ్గరైతే ఇద్దరే, మిగతా ఇద్దరూ 120 డిగ్రీల దూరంలో ఉంటారు. ఎక్కడ కూర్చుంటాడు? ఇప్పుడు సల్ఫర్ టెట్రాఫ్లోరైడ్ గీసి చూడు, అందులో ఒక్క గెలే.