అప్‌డేట్: శనక్కాయలు ఒలిచే మిషన్ గురించి అడిగింది నేనే

విత్తనం శనక్కాయలు ఒలిచే చిన్న మిషన్‌ని ఒక్కణ్నే తయారు చేస్తున్నానని, పేటెంట్ వచ్చేదాకా ఎవరికీ చూపించకుండా కొనసాగించాలా, వదిలేయాలా అని అప్పట్లో అడిగాను.

ఒంటరి పని వదిలేశాను, మిషన్‌ని వదల్లేదు. ఇప్పుడు అనంతపురంలో వెల్డింగ్ షాపు అన్న, మా ఊరి రైతులిద్దరు, కాయలొలిచే కూలికి వెళ్లే ఒక అక్క, నేను కలిసి చేస్తున్నాం.

చిక్కంతా జల్లెడకూ, దాని మీద కదిలే పళ్లకూ మధ్య ఉండే సందులోనే. సందు తగ్గితే పప్పు బద్దలవుతుంది, పెరిగితే కాయ ఒలవకుండానే జారిపోతుంది. నూనెకైతే బద్దలైనా ఫర్వాలేదు. విత్తనానికి పగిలిన పప్పు పనికిరాదు. నేను కొలతల టెన్షన్‌లో ఉంటే అక్క కాయలు చేతిలోకి తీసుకుని, "మరీ ఎండిపోయినాయప్పా, కొంచెం నీళ్లు చల్లి మూటగట్టి పెట్టు" అంది. కొద్దిగా తేమ తగిలాక పగలడం బాగా తగ్గింది. ఆ మాట చెప్పగలిగేది ఏళ్లుగా ఒలిచిన చెయ్యే. వెల్డింగ్ అన్న జల్లెడను బోల్టులతో మార్చుకునేలా చేశాడు. శనక్కాయ రకం కదిరి-6 అయినా, కదిరి లేపాక్షి అయినా కాయ సైజును బట్టి మార్చుకోవచ్చు.

పేటెంట్ సంగతి: ముందుగా ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేస్తే 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్, అంటే మిషన్ పూర్తి వివరాలు రాసి ఇవ్వాలి. మేం వేయకూడదనుకున్నాం. నా ఒక్కడి పేరు ఉండదని కొన్నాళ్లు బాధపడ్డాను, నిజమే. ఖర్చులు మాత్రం అందరం పుస్తకంలో రాసుకుంటున్నాం.

ఖరీఫ్ విత్తే ముందు ఇంకొన్ని ఇళ్ల కాయలు ఒలిచి చూస్తాం. కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు వాళ్లు తమ కాయలతో పరీక్షించాలనుకుంటే చెప్పండి, మిషన్ తీసుకొస్తాం.