బ్రౌన్ షుగర్ బదులు తేనె వేస్తే కుకీలు మెత్తగా వస్తాయా?

చాక్లెట్ చిప్ కుకీలకి 200 గ్రాముల బ్రౌన్ షుగర్ కావాలి. డబ్బా తీస్తే అడుగున రాయిలా గడ్డకట్టిన ముక్క ఒక్కటే మిగిలింది. పోయినసారి ఇలాగే అయితే మొత్తం మామూలు పంచదారే వేసేశాను. కుకీలు పాలిపోయి, అప్పడాల్లా పెళపెళలాడాయి. మధ్యలో ఆ మెత్తదనం లేనే లేదు.

ఇంత పంచదారకి ఒక టేబుల్ స్పూన్ మొలాసిస్ (పంచదార తీశాక మిగిలే నల్లటి చిక్కటి పాకం) కలిపితే బ్రౌన్ షుగర్ అయిపోతుందని తెలుసు. కానీ అదీ లేదు, తేనె ఉంది. తేనెతో పిండి జారుగా అవుతుందేమో, త్వరగా మాడుతుందేమో అని టెన్షన్. ఎవరైనా చేసి చూశారా? ఎంత పంచదారకి ఎంత తేనె వేశారు? ఓవెన్ వేడి తగ్గించాలా? రెసిపీలో అర టీస్పూన్ బేకింగ్ సోడా ఉంది, అది అలాగే ఉంచొచ్చా? వెన్న అప్పుడే బయట పెట్టేశాను, కాస్త త్వరగా చెప్పండి.